మీ వీధి పుట్టుపూర్వోత్తరాలు మీరే తవ్వుకోండి: నెల్లూరు, ఒంగోలు పాత వీధులకు ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరు పెద్దబజారులోనో మూలాపేటలోనో ఒక పాతింటి ముందు నిలబడి "ఇది ఎప్పటిదండీ?" అని అడిగి చూడండి. "నూరేళ్ళ పైమాటే" అంటారు. పక్కింటి వాళ్ళూ అదే అంటారు. చెప్పేవాళ్ళ తాత పుట్టేనాటికే ఆ ఇల్లు ఉందని దానర్థం. అబద్ధం కాదు గానీ అదొక తేదీ కూడా కాదు. తేదీ కావాలంటే కాగితం దాకా పోవాలి.

చరిత్రలో డిగ్రీ లేకపోయినా ఈ పని చేయొచ్చు. ఓపిక, ఒక నోట్‌బుక్కు, ఫోన్ కెమెరా, ఆఫీసుల్లో "రేపు రండి" అంటే మళ్ళీ వెళ్ళే మొండితనం ఉంటే చాలు.

మొదలుపెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి. వీధి వయసు, ఆ వీధిలోని కట్టడం వయసు, అందులో ఒక కుటుంబం ఉంటున్న కాలం, మూడూ వేరు. రంగనాయకుల స్వామి గుడి దగ్గరి వీధి చాలా పాతది కావచ్చు, అందులో ఇప్పుడు కనబడే మిద్దె 1930ల నాటిది కావచ్చు, ఇంటివాళ్ళు 1970లలో కొనుక్కున్నవాళ్ళు కావచ్చు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వీధి కథలన్నీ చివరికి తిక్కన గారి ఇంటి పక్కకు చేరుతుంటాయి.

దిశ కూడా ముఖ్యమే. ఇవాళ్టి నుంచి వెనక్కి వెళ్ళండి. మనుమసిద్ధి కాలం దగ్గర మొదలుపెట్టి ముందుకు వద్దామనుకున్నవాళ్ళు చాలామంది 13వ శతాబ్దంలోనే ఆగిపోతారు.

1. ఎంత మేర చూస్తారో తేల్చుకోండి

మొత్తం ట్రంకు రోడ్డు పెట్టుకుంటే జీవితం చాలదు. ఒక మలుపు నుంచి ఇంకో మలుపు దాకా, రెండు వరసల్లో కలిపి పాతిక ముప్పై ఇళ్ళున్న ముక్క తీసుకోండి. తెల్లకాగితం మీద రెండు గీతలు గీసి, ఒక్కో ఇంటికి ఒక్కో గడి ఇవ్వండి. గడిలో ఇప్పటి డోర్ నంబరు, గోడ మీద ఎక్కడైనా మిగిలిన పాత డోర్ నంబరు, ఇంటి పన్ను రసీదు మీది అసెస్‌మెంటు నంబరు రాయండి. డోర్ నంబర్లు వార్డులు మారినప్పుడల్లా మారతాయి. అందుకే పాత నంబరు పలక కనబడితే, తుప్పు పట్టినదైనా సరే, ముందు ఫొటో తీయండి. రేపు 1950ల కాగితంలో ఇల్లు దొరికితే, అది ఈ ఇల్లేనని తేల్చేది ఆ పలకే.

2. గోడలు చదవండి

ఆఫీసులకు వెళ్ళకముందే వీధిలో తెలిసేది చాలా ఉంది. పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందు వెళ్ళండి. ముందు వైపు కంటే వెనక సందు నుంచి చూడటం మంచిది. బజారు వీధుల్లో ముందు భాగాన్ని అద్దాలు, బోర్డులు, టైల్స్‌తో కప్పేసి ఉంటారు. వెనక గోడకు ఎవరూ ఖర్చు పెట్టరు కాబట్టి పాత ఇటుక, పాత సున్నం అక్కడ అలాగే ఉంటాయి.

పైకప్పు చూసే అవకాశం దొరికితే వదలకండి. దగ్గర దగ్గరగా తేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన సున్నంతో దిమ్మిస చేసి ఉంటే అది మద్రాసు టెర్రస్ పద్ధతి. సిమెంటు స్లాబు మామూలయ్యే వరకూ మన ఊళ్ళలో కలిగినవాళ్ళ మిద్దెలన్నీ ఇలాగే కట్టారు. తేకు బదులు ఇనుప దూలాలు కనబడితే వాటి పక్క భాగం మీద ఉబ్బెత్తుగా కంపెనీ పేరు ఉందేమో రంగు గీకకుండా చూడండి. టాటా పేరుంటే ఆ దూలం 1912కు ముందుది కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు రావడం అప్పుడే మొదలైంది. ఇంగ్లండు కంపెనీ పేరుంటే ఓడలో దిగిన సరుకు.

మంగళూరు పెంకుల దగ్గర జాగ్రత్త. పెంకు కింది భాగంలో కంపెనీ పేరు, ఒక్కోసారి సంవత్సరం కూడా ఉంటుంది. అది పెంకు చేసిన ఏడు కాదు, సాధారణంగా కంపెనీ పెట్టిన ఏడు. బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఆ అంకె చూసి "మా ఇల్లు 1865ది" అని చెప్పుకునేవాళ్ళు ఉంటారు. దాన్నిబట్టి ఇల్లు 1865 తర్వాతదని మాత్రమే చెప్పగలం. పైగా పెంకులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతూనే ఉంటాయి.

ఇంకో గుర్తు గడప ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళే ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళాల్సి వస్తోందంటే ఆ ఇల్లు ఎన్నో రోడ్లను చూసింది. అరుగు సగం కోసినట్టుండి, స్తంభం గోడలో ఇరుక్కుపోయి కనబడితే అక్కడ రోడ్డు వెడల్పు జరిగింది. ఆ వెడల్పుకు మునిసిపాలిటీలో ఒక తీర్మానం, నష్టపరిహారం కాగితం ఉండాలి. ఆ తేదీని తర్వాత వెతకడానికి నోట్ చేసుకోండి.

3. పెద్దవాళ్ళతో మాట్లాడండి, కానీ సంవత్సరం అడగొద్దు

"ఏ సంవత్సరంలో కట్టారు?" అంటే ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మలేం. "నయాపైసలు వచ్చినప్పుడు ఈ మిద్దె ఉందా?" అని అడగండి. అది 1957. "పొట్టి శ్రీరాములు గారు పోయినప్పుడు ఈ బజారు మూశారా?" అది 1952 డిసెంబరు. 1927 నవంబరు తుపాను నెల్లూరును కుదిపేసింది. చూసినవాళ్ళు ఇప్పుడు దొరకరు, కానీ "తుపానులో పడిపోతే మళ్ళీ కట్టారట" అన్న మాట ఇళ్ళలో వినబడితే రాసుకోండి.

మగవాళ్ళు ఎవరు ఎవరికి అమ్మారో చెబుతారు. ఇంట్లో ఏ గది తర్వాత వేశారో, బావి ఎక్కడ పూడ్చారో, వంటిల్లు ఎప్పుడు మారిందో చెప్పేది ఆడవాళ్ళే. కాపురానికి వచ్చిననాటి ఇంటిని ఒక పెద్దావిడ గుర్తు చేసుకుంటుంటే మధ్యలో అడ్డు తగలకండి.

పెళ్ళి ఫొటోలు అడిగి చూడండి. బంధువులందరినీ ఇంటి ముందు నిలబెట్టి తీసిన గ్రూపు ఫొటోలో మనకు పనికొచ్చేవి మనుషుల వెనక ఉన్న తలుపు, పిట్టగోడ, పక్కింటి చూరు. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటుంది, పెళ్ళి తేదీ శుభలేఖలో దొరుకుతుంది. ఆ రోజుకి ఆ గోడ ఉన్నట్టు రుజువు. ఫొటో ఇంటికి తీసుకెళ్తామని అడగొద్దు, అక్కడే ఫోన్‌తో తీసుకోండి.

4. దస్తావేజుల గొలుసు

అసలు పని ఇక్కడే. మీ సొంతింటితోనో, బాగా తెలిసినవాళ్ళ ఇంటితోనో మొదలుపెట్టండి.

ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయండి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లో ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులను ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. వాటికి రెండు సూచికలుంటాయి. ఒకటి పేర్ల వరసలో, ఇంకొకటి ఆస్తి వరసలో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. వీలునామాల పుస్తకం అలా కాదు, దానికి ఆంక్షలున్నాయి. ఆఫీసులో తెలిసిన దస్తావేజు లేఖరి ఒకరుంటే పని సగం తేలిక. ఏ ఏడాది పుస్తకం ఏ బీరువాలో ఉంటుందో ఆయనకే తెలుస్తుంది.

ప్రతి విక్రయ దస్తావేజులోనూ "ఈ ఆస్తి మాకు ఎలా సంక్రమించిందంటే" అని ఒక పేరా ఉంటుంది. అందులో పాత దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని వెనక్కి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి. పారీఖత్తు, అంటే భాగపంపకాల దస్తావేజు, దొరికితే పండగే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటిని గది గదిగా వర్ణిస్తారు: ముందు వసారా, నట్టిల్లు, దొడ్లో బావిలో సగం హక్కు, ఉమ్మడి నడవ. కట్టడం లోపల ఎలా ఉండేదో అంత వివరంగా ఇంకే కాగితమూ చెప్పదు.

ఇక హద్దులు. దస్తావేజు చివర షెడ్యూలులో నాలుగు దిక్కులూ రాస్తారు. ఒక పాత షెడ్యూలు దాదాపు ఇలా ఉంటుంది: "తూర్పు: రాజవీధి. దక్షిణం: ఫలానా శెట్టిగారి మిద్దె. పడమర: ఫలానా కంసాలి వారి ఖాళీ నివేశనం. ఉత్తరం: ఉమ్మడి గోడ, అందుకు అవతల ఫలానా సాయిబు గారి ఇల్లు." ఈ నాలుగు వరసల్లో ఆనాటి వీధి ఉంది. దక్షిణాన అప్పటికే మిద్దె లేచింది. పడమట ఇంకా ఇల్లు లేదు. పక్క పక్కన ఎవరెవరు ఉండేవారో, ఏ వృత్తివాళ్ళో తెలిసింది. ఇప్పుడు దక్షిణం ఇంటి దస్తావేజు తీస్తే అందులో ఉత్తరం హద్దుగా మన ఇల్లు కనబడాలి. కనబడితే రెండు కాగితాలూ ఒకదానికొకటి సాక్ష్యం. కనబడకపోతే మధ్యలో ఏదో అమ్మకం మనకింకా దొరకలేదు. ఒక్క ఇంటి గొలుసు పూర్తిచేసి, హద్దుల్లో దొరికిన పేర్లతో పక్క ఇళ్ళ సూచికలు చూసుకుంటూ పోతే వీధంతా మెల్లగా విచ్చుకుంటుంది. నా మట్టుకు నాకు ఈ పద్ధతి ముందు ఇంకేదీ ఆనదు.

కొలతల దగ్గర తికమక పడొద్దు. నెల్లూరులో స్థలానికి అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే సెంటుకు ఆరు అంకణాల చిల్లర. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. ఇంటి వర్ణనలో "మూడంకణాల పెంకుటిల్లు" అంటే మాత్రం అది విస్తీర్ణం కాదు, దూలాల మధ్య మూడు ఖానాలున్న ఇల్లు.

గొలుసు ఎక్కడో తెగుతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలకు తక్కువ ఆస్తిని రిజిస్ట్రేషన్ లేకుండా స్వాధీనం చేసి కూడా అమ్మొచ్చు. ఆ రోజుల్లో చిన్న ఇళ్ళు ఆ లోపే ఉండేవి. అలాంటి చోట ఇంటివాళ్ళ ట్రంకుపెట్టెలో స్టాంపు కాగితం మీద క్రయచీటీ ఉందేమో అడగాలి. తేదీ చిరిగిపోయినా స్టాంపు మీది బొమ్మను బట్టి కాలం అంచనా కట్టొచ్చు: విక్టోరియా రాణి అయితే 1901కి ముందు ముద్రించింది, ఏడో ఎడ్వర్డు అయితే 1901–10, ఐదో జార్జి అయితే 1910–36, ఆరో జార్జి అయితే ఆ తర్వాతిది.

5. మునిసిపాలిటీ, సర్వే

నెల్లూరు మునిసిపాలిటీ 1866లో, ఒంగోలు మునిసిపాలిటీ 1876లో ఏర్పడ్డాయి. ఇంటి పన్ను డిమాండు రిజిస్టర్లు, కట్టడానికి ఇచ్చిన అనుమతుల ప్లాన్లు, కౌన్సిలు తీర్మానాల పుస్తకాలు అడగండి. పన్ను రిజిస్టరులో ఒక ఇంటి పన్ను ఒక్క ఏడాదిలో అమాంతం పెరిగిందంటే పాక తీసి మిద్దె వేశారనో, పై అంతస్తు లేపారనో అనుకోవచ్చు. కట్టిన సంవత్సరం తెలుసుకోవడానికి దీనికంటే మంచి దారి తక్కువ.

సర్వే ఆఫీసులో టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టరు ఉంటుంది. వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు, స్థలం ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది అందులో తెలుస్తుంది. నోటిమాటతో పని కాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో జిల్లా, పట్టణ స్థాయి ఆఫీసులకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయిలో 5. 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా వీధి చరిత్ర కావాలి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా వార్డు, ఫలానా వీధి, ఫలానా సంవత్సరం పన్ను డిమాండు రిజిస్టరు పేజీల నకలు" అని రాయాలి.

6. అప్పుడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉంది?

పాత కాగితాల కోసం తిరిగేవాళ్ళు ఎక్కువ కాలం పోగొట్టుకునేది ఇక్కడే. ఒంగోలునే తీసుకోండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది. 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లాలో. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కాబట్టి ఒంగోలు సంతపేటలో ఒక వీధి గురించి 1890ల కలెక్టరేటు కాగితం కావాలంటే నెల్లూరు జిల్లా రికార్డుల్లో, 1930లది కావాలంటే గుంటూరు రికార్డుల్లో వెతకాలి. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ప్రకాశానికి పోయి 2022లో మళ్ళీ నెల్లూరుకొచ్చింది. మార్కాపురం, గిద్దలూరు 1970కి ముందు కర్నూలు జిల్లావి.

దీని మీద ఇంకో పొర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఇదంతా మొదట మద్రాసు ప్రెసిడెన్సీలో, తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఉండేది. రెవెన్యూ బోర్డు ఉత్తర్వులు, జిల్లా రికార్డుల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నెల్లూరు నుంచి రైల్లో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. కాకపోతే ముందే పరిశోధకుడిగా అనుమతి తీసుకుని, ఏ ఏడాది ఏ శాఖ కాగితం కావాలో రాసుకుని వెళ్ళండి.

7. అచ్చయినవి, గుళ్ళు, చర్చిలు, కోర్టులు

కలెక్టరుగా పనిచేసిన బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో అచ్చయింది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా వచ్చాయి. రెండూ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పటి జిల్లాలో ఒంగోలు కూడా భాగమే కాబట్టి ఆ ఊరివాళ్ళకూ అవే పుస్తకాలు. వాటిలో మీ ఇల్లు ఉండదు. మీ వీధి గుడి శాసనం ఉండొచ్చు. పాత వారపత్రికలు, ముఖ్యంగా నెల్లూరు జమీన్ రైతు సంచికలు, వీధి స్థాయి వార్తలకు బంగారం.

గుడి ఉన్న వీధి అయితే రెండు కాగితాలు అడగండి. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో గుడికి, అర్చకులకు, భోగంవాళ్ళకు ఇచ్చిన భూముల వివరాలుంటాయి. దేవాదాయ శాఖ దగ్గర 43 రిజిస్టరులో గుడి ఆస్తుల జాబితా ఉంటుంది. పాత వీధుల్లో చాలా దుకాణాలు గుడి స్థలాల్లోనో సత్రం స్థలాల్లోనో ఉంటాయి, అద్దె చీటీల్లో పేర్లు దొరుకుతాయి. మసీదు, దర్గా ఆస్తులకు వక్ఫ్ బోర్డు గెజిట్ చూడాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరు చేరింది, ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. వాళ్ళ వార్షిక నివేదికల్లో బడి, ఆసుపత్రి, బంగళాలు ఎప్పుడు కట్టారో ఖర్చుతో సహా రాస్తారు, ఫొటోలూ ఉంటాయి.

కోర్టు కాగితాన్ని చాలామంది మర్చిపోతారు. ఉమ్మడి గోడ కోసం, నీటి తూము కోసం మద్రాసు హైకోర్టు దాకా పోయినవాళ్ళు మన జిల్లాలో తక్కువేం కాదు. ఇండియన్ కానూన్ సైటులో నెల్లూరు అనో, ఒంగోలు అనో ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టి, పాత మద్రాసు తీర్పులు మాత్రమే వడగట్టి చూడండి.

వీధి పేరు కూడా సాక్ష్యమే, ఒంటరి సాక్ష్యం మాత్రం కాదు. కోటమిట్ట దగ్గర కోట లేదు, పొగతోటలో పొగాకు లేదు, ఉన్నవన్నీ ఆసుపత్రులే. స్టోన్‌హౌస్‌పేట ఒక కలెక్టరు పేరున వెలిసింది. పేరు ఏ ఏడాది కాగితంలో మొదటిసారి కనబడిందో రాసుకోండి, మిగతా కథ తర్వాత.

8. తేదీలు మార్చుకోవడం

పిట్టగోడ మీద సున్నంతో పోసిన సంవత్సరం తరచుగా తెలుగు పేరుతో ఉంటుంది. "కీలక" అని ఉంటే 1908 కావచ్చు, 1968 కావచ్చు, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. పక్కన శాలివాహన శకం ఉంటే దానికి 78 కలపండి: 1830 అయితే 1908. ఉగాది ముందు నెలలకు ఒకటి ఎక్కువ. కీలక మాఘం 1909లో పడుతుంది. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. దానికి 590 కలిపితే జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం: ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. శకానికీ ఫసలీకీ తేడా చూసుకోకపోతే వందల ఏళ్ళు అటూ ఇటూ అయిపోతాయి.

పిట్టగోడ తేదీ ఇల్లు కట్టినదా, ముందు భాగం మార్చినదా అన్నది పన్ను రిజిస్టరుతో సరిచూడాలి.

9. ఒకచోట చేర్చడం

ఇంటికొక పేజీ పెట్టండి. ఎడమ వైపు సంవత్సరం, మధ్యలో ఏం జరిగింది, కుడి వైపు అది ఎక్కడ దొరికింది: దస్తావేజు నంబరా, పన్ను పేజీనా, ఫలానా పెద్దావిడ మాటా. నోటిమాటను కాగితం పక్కన అదే సిరాతో రాయకండి, వేరే రంగు వాడండి. రెండూ తేడా పడితే రెండూ ఉంచండి. "1934లో కొన్నారు" అని దస్తావేజు చెప్పి, "మా ముత్తాత కట్టించాడు" అని ఇంటివాళ్ళు చెబితే రెండూ నిజమే కావచ్చు. పాత ఇల్లు కొని, పడగొట్టి కట్టి ఉంటారు.

చివరికి ఆ మొదటి గడుల కాగితాన్నే పది, పదిహేనేళ్ళకొకటి చొప్పున మళ్ళీ మళ్ళీ గీయండి. 1920లో ఏ గడిలో పెంకుటిల్లు, 1940లో ఎక్కడ మిద్దె, 1975లో ఎక్కడ సినిమా హాలు గోదాము. చూసేవాళ్ళకు వంద పేజీల వ్యాసం కంటే ఇవి త్వరగా అర్థమవుతాయి.

ఇచ్చినవాళ్ళకు వాళ్ళ ఇంటి పేజీ ప్రింటు తీసి ఇవ్వండి. ఇంకో ప్రతి ఊళ్ళోని పాత గ్రంథాలయానికి. ఇప్పుడున్నవాళ్ళ పేర్లు, ఆధార్, సంతకాలు, దస్తావేజు పూర్తి ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. వీధిలో ఏ రెండిళ్ళ మధ్యనైనా గోడ తగాదా కోర్టులో నడుస్తుంటే, ఆ గోడ గురించి మీకు దొరికిన కాగితం కేసు తేలేదాకా మీ బీరువాలోనే ఉండనివ్వండి.